బయటకు వెళ్ళినట్టు లేదు

ఆ ఎండాకాలం మా యార్డులో మొదట విరిగింది గేటు గుమాస్తా పన్ను. విరగ్గొట్టింది మా అన్నయ్య.

కారణం పెద్దదేం కాదు. ఒక లారీ సరుకు దింపేసి, గేటు దగ్గర ఆగకుండా దూసుకుపోయింది. అన్నయ్య తాపీగా నడిచి వెళ్ళి గుమాస్తా కుర్చీ వెనక నిలబడి, "ఏరా, నిన్నిక్కడ కూర్చోబెట్టింది ఈగలు తోలుకోడానికా?" అన్నాడు. గుమాస్తా తల తిప్పాడు. తిప్పినవాడు తిప్పినట్టే కిందపడ్డాడు. నేను ఆఫీసు కిటికీలోంచి అంతా చూశాను. నోట్లోంచి రాలిన పన్ను లారీల కాటా మీద పడి ఎండకి మెరిసింది. కూలీల్లో ఒకడికి నవ్వొచ్చింది కాబోలు, అన్నయ్య తన వైపు చూడగానే దాన్ని దగ్గు కింద మార్చేసుకున్నాడు.

"ఫోన్లో మాట పడకుండా ఒక్క బండి కూడా గేటు దాటకూడదు. నేనొచ్చినా సరే, మా నాన్న లేచొచ్చినా సరే. అర్థమైందా?" అన్నాడు అన్నయ్య.

గుమాస్తా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తల ఊపాడు.

మాది ఇనుప తుక్కు కొని, కొలిమిలో కరిగించి, దిమ్మెలు పోసే యార్డు. మా అన్నయ్య అక్కడ మేస్త్రీ. నేను ఆఫీసులో లెక్కలు రాసేదాన్ని. మా ఓనరుగారికి ఎవరి మీదా నమ్మకం లేదు. గుమాస్తా రాసే పుస్తకం మీద అసలే లేదు. అందుకని ఆయనే ఒక పద్ధతి పెట్టాడు. లోపలికొచ్చే ప్రతి లారీ డ్రైవరూ గేటు ఫోను నోటి దగ్గర పెట్టుకుని, బండి నంబరు, సరుకు, "లోపలికి" అని తన గొంతుతో చెప్పాలి. వెళ్ళేటప్పుడు మళ్ళీ నంబరు చెప్పి "బయటకు" అనాలి. ఆ మాటలన్నీ యార్డు గ్రూపులో పడి ఉండేవి. గొడవొస్తే తప్ప వాటిని వినే ఓపిక ఎవరికీ లేదు.

అన్నయ్య చెయ్యి ఎంత దురుసుదో ఆ యార్డులో అందరికీ ఒంటి మీద తెలుసు. నాకు మాత్రం తెలియదు. ఇంట్లో ఆయన నన్ను గానీ వదినను గానీ ఒక్క మాట విసురుగా అన్నది లేదు. నా చెప్పు తెగితే ఆ సాయంత్రానికల్లా కొత్త జత తెచ్చి గుమ్మం ముందు పెట్టేవాడు. వదినకు జ్వరమొస్తే వంట తనే చేసి, ఉప్పు ఎక్కువైందని తనను తానే తిట్టుకునేవాడు. "ఆడవాళ్ళ మీద చెయ్యెత్తేవాడు మగాడేంటే?" అనేవాడు. మగవాళ్ళ మీద ఎత్తితే ఏమవుతాడని నేను అడగలేదు. పైగా అలాంటి అన్న ఉన్నందుకు నలుగురిలో విర్రవీగేదాన్ని. యార్డు దాకా ఒంటరిగా నడిచి వెళ్ళినా నా వైపు కన్నెత్తి చూసే మొనగాడు లేడు.

కొన్నాళ్ళకు ఒక కుట్టుపనావిడ గేటు దగ్గరికి రావడం మొదలుపెట్టింది. మా యార్డుకు తుక్కు తోలే ఈల డ్రైవరు పెళ్ళాం ఆమె. హారన్ కొట్టకుండా ఈల వేస్తూ వస్తాడని అతనికి ఆ పేరు పడింది. అతని లారీ పెద్ద రోడ్డు పక్కన తాళం చెవితో సహా దొరికింది, మనిషి దొరకలేదు. పోలీసులు ఒకసారి వచ్చి, ఓనరుగారి గదిలో చల్లగా కూర్చుని, చల్లగా వెళ్ళిపోయారు. ఆమె మాత్రం పొద్దున్నే వచ్చి గేటు ఎదురుగా గోడ నీడలో కూర్చునేది. నీడ జరిగేకొద్దీ ఆమే జరుగుతూ ఉండేది.

ఒకరోజు అన్నయ్య ఆమె దగ్గరికి వెళ్ళాడు. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? నీ మొగుడు బండి రోడ్డున పడేసి ఎవతెతోనో పోయాడు. ఇక్కడ కూర్చుంటే దొరుకుతాడా?"

"పోతే పోనీండి," అందామె. "మా ఆయన ఈ గేట్లోకి రావడం చూసినోళ్ళున్నారు. బయటికి రావడం చూసినోళ్ళు లేరు. వచ్చాడా లేదా, అదొక్కటి చెప్పండి. నేను పోతాను."

అన్నయ్య ఆమె జుట్టు పట్టుకుని రోడ్డు దాకా ఈడ్చి వదిలాడు. ఆడవాళ్ళ మీద చెయ్యెత్తని మా అన్నయ్య! కొట్టలేదుగా, లాగాడంతేగా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. మనవాళ్ళ విషయంలో మనసు ఎంత చక్కగా వకాల్తా పుచ్చుకుంటుందో ఆ రోజు చూశాను.

అన్నయ్య లోపలికి వెళ్ళాక మంచినీళ్ళు తీసుకెళ్ళాను. మోచేతులు గీరుకుపోయి రక్తం కారుతోంది. నీళ్ళు తాగకుండా నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు ఆ కిటికీ దగ్గరే కూర్చుంటావు కదమ్మా. చూశావా?"

"లేదండీ," అన్నాను. అది నిజమే.

"తెలిస్తే నాకు చెప్పు తల్లీ. ఇంకెవరికీ చెప్పకపోయినా నాకు చెప్పు."

సరే అన్నాను.

ఆ తర్వాత ఆడిట్ మొదలైంది. ఎప్పుడూ వచ్చే ముసలాయన మానేశాడట, ఆయన బదులు ఆడిట్ కంపెనీ ఒక అమ్మాయిని పంపింది. మేం ఆడిటరమ్మ అనేవాళ్ళం. చేతిలో బిందెడంత నీళ్ళ సీసా, భుజాన ఒక లాప్‌టాప్. ఆ లాప్‌టాప్‌లో ఒక ఏఐ ఉంది. కాగితాలు అదే చదువుతుంది, ఒప్పందాలు, ఉత్తరాలు అదే పోల్చి చూస్తుంది, మనుషులు మాట్లాడింది విని రాసుకుంటుంది, అర్థం కాకపోతే ప్రశ్నలు కూడా తనే రాస్తుంది. రాసే తెలుగు చూస్తే మేమంతా నవ్వి చచ్చేవాళ్ళం. "దయచేసి వివరణ ఇవ్వగలరు" అనకుండా ఒక్క ముక్క అడగదు.

ఓనరుగారిది కాక ఉన్న ఒక్క ఏసీ గదీ దానికే ఇచ్చేశాం. మా స్టోరు కీపరు దానికి అల్లుడని పేరు పెట్టాడు. "ఏసీలో కూర్చోబెట్టాం. అడిగిందల్లా పట్టుకెళ్ళి ముందు పెడుతున్నాం. ఎంత పెట్టినా ఇంకా ఏదో తక్కువైందంటోంది. అల్లుడు కాక ఇంకేంటి?" అన్నాడు. అప్పట్నుంచి యార్డంతా అదే మాట. "అల్లుడుగారు లేచారా? అల్లుడుగారికి కరెంటు బిల్లులు కావాలట!" అన్నయ్య కూడా నవ్వేవాడు.

ఆడిటరమ్మ ఓనరుగారి దగ్గరికి వచ్చి, "సార్, కాటా చీటీలు మీరు కొట్టుకున్నవే కదా. ఈ లారీలన్నీ నిజంగా వచ్చాయనడానికి బయటివాళ్ళ సాక్ష్యం ఏమైనా ఉందా?" అని అడిగింది.

ఓనరుగారు ఛాతీ విరుచుకున్నాడు. ఆయన పద్ధతిని మెచ్చుకునేవాళ్ళ కోసం ఎన్నాళ్ళుగా చూస్తున్నాడో! "ఎందుకు లేదమ్మా? ప్రతి డ్రైవరూ తన నోటితో చెప్పిన మాట ఉంది. ఏ యార్డులోనూ ఉండదు. ఏడాదివీ ఇచ్చెయ్యి," అన్నాడు నాతో.

ఏడాది మాటలు ఎవరు వింటార్లే అని ఆయన ధీమా. నేను గ్రూపులోని మాటలన్నీ, డ్రైవర్లవీ, గుమాస్తావీ, అన్నయ్య బూతులతో సహా, అల్లుడికి అప్పజెప్పాను.

ఒక మధ్యాహ్నం ఆడిటరమ్మ నన్ను పిలిచింది. ముఖం వెలిగిపోతోంది. "దొంగ లారీ ఒకటి దొరికినట్టుంది, రండి," అంది.

రాని లారీలను వచ్చినట్టు చూపించే యార్డులు ఉంటాయట. అలాంటి చోట ఒకే మనిషి పదిమంది డ్రైవర్లలా మాట్లాడేస్తాడట. అందుకని అల్లుడు ప్రతి గొంతునూ గుర్తుపెట్టుకుని, లోపలికి వచ్చిన గొంతే బయటకు వెళ్ళిందా లేదా అని జత కలిపి చూసింది.

"మీ యార్డు శుభ్రంగానే ఉందండీ. గేటు దగ్గర ఆగకుండా పోయిన ఆ ఒక్క బండి తప్ప, వచ్చిన ప్రతి గొంతూ వెళ్ళింది. ఇదొక్కటే తేడా," అని తెర నా వైపు తిప్పింది.

"ఈ లారీ లోపలికి వచ్చినప్పటి గొంతు, బయటకు వెళ్ళినప్పటి గొంతు ఒకరివి కావు. రెండో గొంతు మీ యార్డు మేస్త్రీగారిదిగా కనిపిస్తోంది. మొదటి వ్యక్తి బయటకు వెళ్ళినట్టు లేదు. దయచేసి వివరణ ఇవ్వగలరు."

ఆమె ఇయర్‌ఫోన్స్ ఇచ్చింది. చెవుల్లో పెట్టుకున్నాను. ముందు ఈల వినిపించింది, తర్వాత నవ్వు, బండి నంబరు, "తుక్కుతో పాటు మేమూ లోపలికేనండోయ్." రెండోది నొక్కింది. గుమాస్తా గొంతు, వణుకుతూ: "మేస్త్రీగారూ... మాటండీ..." తర్వాత అన్నయ్య. ఏదో బరువు మోసి వచ్చినట్టు రొప్పుతున్నాడు. "నాక్కూడానా? సరే పట్టు. ఈల బండి బయటకు. చాలా?"

కుర్చీ పట్టుకుని కూర్చున్నాను.

"ఎవరా గొంతు? నిజంగా మీ మేస్త్రీదేనా?" అని అడిగింది ఆడిటరమ్మ.

"మా అన్నయ్య."

"మరి డ్రైవరు ఎటెళ్ళాడు?"

నేను కిటికీ వైపు చూశాను. ఆమె కూడా చూసింది. గేటు ఎదురుగా గోడ నీడలో కుట్టుపనావిడ కూర్చుని ఉంది. ఆడిటరమ్మ రోజూ ఆమెను దాటుకునే లోపలికి వస్తుంది, ఎందుకు కూర్చుందో కూడా విని ఉంది.

"నేనిది పంపేశాను," అంది మెల్లగా. "ప్రశ్నలన్నీ కలిపి పొద్దున్నే మీ ఓనరుగారికి వెళ్ళిపోయాయి."

అప్పుడే బయట కేక వినిపించింది.

నేను వెళ్ళేసరికి గేటు గుమాస్తా కాటా పక్కన పడి ఉన్నాడు. అన్నయ్య చేతిలో ఇనుప కడ్డీ. గుమాస్తా మోకాలు ఉండాల్సిన వైపు లేదు. కూలీలు చుట్టూ నిలబడ్డారు, ఒక్కరూ కదలరు.

"ఫోను నా మూతి దగ్గర ఎందుకు పెట్టావురా?" అన్నాడు అన్నయ్య.

"నేనొచ్చినా సరే అన్నారు కదండీ!" అని ఏడుస్తున్నాడు గుమాస్తా. "మీరే అన్నారు కదండీ! మీరే పన్ను రాలగొట్టి చెప్పారు కదండీ!"

అన్నయ్య ఒక్క క్షణం ఆగాడు. ఆ మాట నిజమని ఆయనకూ తట్టింది. తట్టాక ఇంకా గట్టిగా కొట్టాడు. నేను "అన్నయ్యా!" అని అరిచాను. నా వైపు చూసి కడ్డీ పారేసి, చొక్కాతో ముఖం తుడుచుకున్నాడు. గుమాస్తాను నలుగురు ఎత్తి ఆటోలో వేశారు. అతనరిచిన అరుపు ఆటో మలుపు తిరిగేదాకా వినిపించింది.

ఓనరుగారు నన్ను గదిలోకి పిలిచాడు. ఆయన గొంతు ఎప్పుడూ పెంచడు. పెంచే పని అన్నయ్యది.

"కూర్చో అమ్మా. చిన్న పని. జవాబు చెప్తే ఆ ప్రశ్న మూసేస్తారట. డ్రైవరుకి ఒంట్లో బాగోలేదు, బండి అక్కడే వదిలేసి నడిచి వెళ్ళిపోయాడు. దారికి అడ్డంగా ఉందని మీ అన్నయ్య దాన్ని బయట పెట్టాడు. నువ్వు కిటికీలోంచి చూశావు. అంతే."

"నేను చూడలేదండీ."

"అందుకేగా చెప్తున్నాను, ఏం చూశావో." నవ్వాడు. "ఆడదానివి, ఆఫీసులో మనిషివి. నీ మాట నమ్ముతారు. లేదంటావా, మీ అన్నయ్య జైలుకెళ్తాడు. ఇన్నేళ్ళూ అతను ఎంతమందిని కొట్టాడో నీకు తెలుసుగా? వాళ్ళందరికీ మీ ఇల్లు తెలుసు. ఇంట్లో ఇద్దరాడాళ్ళు మిగుల్తారు. ఆలోచించుకో."

ఆలోచించుకోడానికి ఏం మిగిలింది? సాయంత్రం నేను ఇంటికి వెళ్ళేసరికి అన్నయ్య పెరట్లో సబ్బుతో చేతులు కడుక్కుంటున్నాడు. వదిన వంటగదిలో ఉంది.

"ఏం జరిగింది?" అని అడిగాను.

"ఏం లేదు."

"అన్నయ్యా, రేపు నేను అబద్ధం చెప్పాలంటే ముందు నిజం తెలియాలి."

తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు. "కాటా కింద చెక్క ముక్క పెట్టాం. తూకం తగ్గి రావాలని. ఓనరుగారి పనే. అది వాడు కనిపెట్టాడు. కనిపెడితే కనిపెట్టాడు, నా చెవిలో చెప్పొచ్చుగా? కూలీలందరి ముందూ ఈల వేసి పిలిచి, 'చెక్క మీరు తీస్తారా, నన్ను తియ్యమంటారా మేస్త్రీగారూ?' అన్నాడు. అందరూ నవ్వారు బుజ్జీ. నన్ను చూసి నవ్వారు."

"నవ్వితే?"

"అందరూ భోజనాలకి వెళ్ళాక పిలిచాను. గునపంతో ఒక్క దెబ్బ. ఒక్కటే. పోతాడనుకోలేదు." తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు. "కొలిమి వెనక చిట్టెం గుట్ట ఉందిగా. అందులో పెట్టాను."

ఇనుము కరిగాక పైన తేలే మడ్డిని చిట్టెం అంటారు. దాన్ని రోజూ తెచ్చి వేడి వేడిగా ఆ గుట్ట మీద పోస్తారు. అంటే ఇన్నాళ్ళూ ఆ మనిషి మీద రోజూ నిప్పులు పోస్తూనే ఉన్నారు.

"ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తిన్నావా?" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

జవాబు వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. "తిన్నాడు. రెండోసారి కూడా అడిగి పెట్టించుకున్నాడు," అంది వదిన.

అన్నయ్య తల ఎత్తలేదు. "నిన్ను భుజాల మీద మోసి పెంచాను బుజ్జీ. చెప్తావుగా?" అన్నాడు నాతో.

తల ఊపాను. ఆయన మీద నాకు అసహ్యం వేసింది, జాలీ వేసింది. ఆ రెండూ ఒకేసారి వేస్తాయని అంతకు ముందు ఎవరైనా చెప్తే నమ్మేదాన్ని కాదు.

వదిన అన్నయ్య కంచం తీసుకొచ్చి పెరట్లోకి విసిరేసింది. గోడకు తగిలి ఖణేల్మంది. "నువ్వు రేపు ఏం చెప్తావో నాకు చెప్పకు," అంది నాతో. "నేను మాత్రం ఈ మనిషికి ఇంక వడ్డించను."

మర్నాడు పొద్దున ఏసీ గదిలో నన్ను కూర్చోబెట్టారు. ఎదురుగా లాప్‌టాప్, దానికో చిన్న మైకు. ఓనరుగారు సోఫాలో. ఆడిటరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గర నాకు మాత్రమే వినపడేలా, "ఈ గొంతులు పోలీసులకు ఇస్తే బండి ఎవరు తోలారో తెలుస్తుంది, అంతే. మనిషి ఎక్కడున్నాడో తెలిసినవాళ్ళు చెప్పాలి," అంది. అన్నయ్య వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"నమస్కారం. ఆ డ్రైవరుగారు వెళ్ళడం మీరు చూశారా?" అని అడిగింది అల్లుడు. ఎప్పుడూ రాతే గానీ దాని గొంతు వినడం నాకదే మొదలు. బడిలో పంతులమ్మ గొంతులా ఉంది.

"చూశాను."

"ఎలా వెళ్ళారు?"

"నడిచి. ఒంట్లో బాగోలేదన్నాడు."

ఓనరుగారు కాలు మీద కాలు వేసుకున్నాడు.

"ధన్యవాదాలు. మీ యార్డులో గేటు దాటే ప్రతి డ్రైవరూ మాట చెప్పాలి కదా. ఏడాదిలో అందరూ చెప్పారు. చెప్పకుండా దాటినది ఒక్క లారీ, దానికి గుమాస్తాగారిని మేస్త్రీగారు కొట్టినట్టు సందేశాల్లో ఉంది. ఆ తర్వాత కూడా ఈయన చెప్పకుండా దాటితే గుమాస్తాగారు ఎందుకు ఆపలేదు? దయచేసి వివరణ ఇవ్వగలరు."

కుర్చీ వీపు మీద అన్నయ్య వేళ్ళు బిగిశాయి. కిటికీలోంచి గేటు కనిపిస్తోంది, గోడ నీడ కనిపిస్తోంది. ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. గుమాస్తా నీళ్ళు తాగడానికి వెళ్ళాడు అంటే సరిపోయేది. చాలా తేలికైన అబద్ధం అది.

"ఆయన గేటు దాటలేదు," అన్నాను.

"మన్నించండి. ఇంకొకసారి చెప్పగలరా?"

"దాటలేదు. కొలిమి వెనక చిట్టెం గుట్టలో ఉన్నాడు. చంపింది మా అన్నయ్య. కాటా కింద చెక్క పెట్టించింది ఓనరుగారు."

"ధన్యవాదాలు. నమోదు చేశాను," అంది అల్లుడు.

తర్వాత ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. కుర్చీతో సహా నేను నేల మీదున్నాను. చెవి మీద పడిన దెబ్బకు గదంతా హోరు. అన్నయ్య మోకాలు నా భుజం మీద దిగినప్పుడు లోపల ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. "నిన్ను మోశానే! నిన్ను మోశానే!" అని అరుస్తూ కొట్టాడు. లాప్‌టాప్ గోడకేసి బాదాడు. అడ్డం వచ్చిన ఆడిటరమ్మ పెదవి చీలింది. "పగలగొట్టి ఏం లాభం? ఆ మాట ఎప్పుడో మా ఆఫీసుకి వెళ్ళిపోయింది!" అని ఆమె రక్తం ఉమ్ముతూ అరిచింది. ఓనరుగారు మా అందరినీ దాటుకుని, పంచె తడిసినవాడిలా జాగ్రత్తగా అడుగులు వేస్తూ, కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆడిటరమ్మ తలుపు తెరిచి కేకలు వేసింది. కూలీలు వచ్చారు. అన్నయ్యను బయటకు ఈడ్చారు. ఇన్నేళ్ళ దెబ్బలు వాళ్ళ చేతుల్లో ఉన్నాయి. ఒకడు కడ్డీతో, ఒకడు గొలుసుతో, చేతికి ఏది దొరికితే దానితో. అప్పుడెప్పుడో నవ్వును దగ్గు కింద మార్చుకున్నవాడు అందరికంటే ముందున్నాడు. అన్నయ్య మొదట తిట్టాడు, తర్వాత మూలిగాడు, ఆ తర్వాత చప్పుడు లేదు.

నేను పాక్కుంటూ వెళ్ళి ఆయన మీద పడ్డాను. కడ్డీ దెబ్బ ఒకటి నా వీపు మీద దిగింది. నా ఎముక విరగ్గొట్టినవాణ్ణి చంపొద్దని నేనే బతిమాలాను. సిగ్గులేకుండా, ఏడుస్తూ, ఒక్కొక్కడి కాళ్ళూ పట్టుకుని బతిమాలాను. ఇప్పుడైనా అలాగే చేస్తాను.

"లే అమ్మాయ్," అన్నాడు ఆ కూలీ, కడ్డీ దించుతూ. "నీ మొహం చూసి వదిలేస్తున్నాం."

పోలీసులు వచ్చి అన్నయ్యను జీపులో పడుకోబెట్టి తీసుకెళ్ళారు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది, రెండోది తెరిచే ఉంది గానీ నా వైపు చూడలేదు. ఓనరుగారిని దారిలోనే పట్టుకున్నారట. ఆయన ఒంటి మీద గీత కూడా పడలేదు.

చిట్టెం గుట్ట తవ్వడానికి యంత్రం వచ్చింది. ఆడిటరమ్మ చీలిన పెదవికి రుమాలు అదిమిపెట్టుకుని, "ముందు ఆసుపత్రికి పదండి. భుజం చూడండి ఎలా వేలాడుతోందో," అంది.

"ఒక మనిషికి మాటిచ్చాను. చెప్పి వస్తాను," అన్నాను.

గేటు తెరిచే ఉంది. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. కుట్టుపనావిడ లేచి నిలబడి ఉంది. జీపులు, యంత్రం, జనం, అన్నీ చూసింది గానీ దగ్గరికొచ్చి అడిగే ధైర్యం చాల్లేదు. నన్ను చూసి రెండడుగులు వేసింది.

"బయటికొచ్చాడా?"

"రాలేదండీ," అన్నాను. "లోపలే ఉన్నాడు. ఆ రోజే పోయాడు."

ఆమె కళ్ళు నా వాచిన ముఖం మీద తిరిగాయి. "ఎవరు?"

"మా అన్నయ్య."

చెంప మీద కొట్టింది. తర్వాత రెండు చేతులతోనూ కొట్టింది, తల మీద, ఎదురురొమ్ము మీద, విరిగిన భుజం మీద. కళ్ళు బైర్లు కమ్మాయి. పోలీసు ఒకతను పరిగెత్తుకొచ్చి ఆమెను పట్టుకోబోయాడు. "వదిలెయ్యండి, నన్ను కొట్టనివ్వండి," అన్నాను. అన్నయ్య కొట్టినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆమె కొడుతూనే ఉంది, నోట్లోంచి ఈలలాంటి ఊపిరి మాత్రం వస్తోంది. ఆఖరికి చేతులు అలిసిపోయి నా జాకెట్టు గుప్పిట పట్టుకుని అలాగే కూలబడింది. ఆమెతో పాటు నేనూ మట్టిలో కూర్చున్నాను.

చాలాసేపటికి లోపల యంత్రం ఆగిపోయింది. పోలీసతను మళ్ళీ వచ్చాడు. "అమ్మా, ఒకసారి వచ్చి గుర్తుపట్టాలి. మీ తరఫు మనుషులు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

ఆమె చుట్టూ చూసింది. గోడ, రోడ్డు, గేటు. మళ్ళీ నన్ను చూసింది. నా జాకెట్టు పట్టుకున్న చెయ్యి ఇంకా వదల్లేదు.

"ఎవరూ లేరు," అంది. "నువ్వు రా."

బాగున్న చెయ్యి ఆమెకిచ్చి లేపాను. ఇద్దరం లోపలికి నడిచాం.